కొనే కాటా

ముంచింగిపుట్టు,
18 జనవరి 1982.

పూజ్యులైన నాన్నగారికి,

వరహాలు నమస్కరించి రాయునది. ఇక్కడ కొట్టూ నేనూ బాగానే ఉన్నాం. ఆపరేషనైన మీ కన్ను కూడా బాగుందనీ, కట్టు విప్పేదాకా మీరు మంచం దిగకుండా బుద్ధిగా ఉంటున్నారనీ చోడవరం నుంచి అత్తయ్య కబురు చేసింది. రెండో మాట నేను నమ్మలేదు.

చలి చంపేస్తోంది. బారెడు పొద్దెక్కినా పొగమంచు విడవడం లేదు. వలిసె నూనెగింజలు అయిపోవచ్చాయి, కొండల మీంచి పసుపు దిగుతోంది. మీ గుమస్తా అప్పలస్వామికి నేనింకా మీ అబ్బాయినే తప్ప యజమానిని కాను. దేనికైనా "పెద్దాయన వొచ్చీసినాక అడుగుదాం బాబూ" అంటాడు. పదేళ్ళు అనకాపల్లి హాస్టల్లో చదివి మొన్న దసరాకేగా కొండెక్కాను, వాణ్ణని ఏం లాభం.

అసలు సంగతి. ఫిబ్రవరి నెలాఖరున విశాఖపట్నంలో జిల్లా పవర్ లిఫ్టింగ్ పోటీలు. అనకాపల్లి తాలింఖానాలో కసరత్తు నేర్పి నన్ను తీర్చిదిద్దిన సర్వేశ్వరరావు మాస్టారు కార్డు రాశారు. మూడు రకాలుగా ఎత్తాలి. బరువు భుజాలకెత్తుకుని గుంజీ తీసి లేవాలి, వెల్లకిలా పడుకుని ఛాతీ మీంచి ఎత్తాలి, నేల మీంచి తొడలదాకా లేపాలి. మీరు దీన్ని "మూటలు మోసే కళాసీ పని, దీనికి బి.కాం. ఎందుకు" అన్నారు. ఆ కళాసీ పనిలోనే పతకం తెస్తాను, తేలేకపోతే మళ్ళీ ఇనుము ముట్టను అని మీకు మాటిచ్చాను. ఆ మాట మీదే ఉన్నాను. పాత లారీ ఇరుసుకి అటూ ఇటూ ఇసుక మూటలు కట్టి, మూటలన్నీ మన కాటా మీద తూచి మరీ సాధన చేస్తున్నాను. మొన్న నేల మీంచి నూటనలభై లేపాను.

ఇందులో మనుషుల్ని బరువునిబట్టి వర్గాలు చేస్తారు. అరవై కిలోల వరకూ ఒకటి, ఆ పైన అరవైఏడున్నర వరకూ ఒకటి. ఏ వర్గమో ముందే రాసి పంపాలి. పోటీనాటి పొద్దున్న తూచి, పిసరు మించినా పక్కన పెట్టేస్తారు. మన కాటా మీద నేను యాభైతొమ్మిదిన్నర. అనకాపల్లిలో అరవైమూడు ఉండేవాణ్ణి. ఈ చలికీ నా చేతివంటకీ తగ్గిపోయాను. చొక్కాలు మాత్రం భుజాల దగ్గర పిగిలిపోతున్నాయి, అదెలాగో మరి. అరవైలో నిలబడితే పతకం ఖాయమని నా నమ్మకం.

ఇంకొకటి చెబితే సంతోషిస్తారు. మొన్న సంతలో పై కొండల రైతు బుధు పసుపు తెచ్చాడు. తూచాక కదలకుండా నిలబడ్డాడు. "ఇంటికాడ కుంచంతో కొలిసినాం బాబూ. ఇంత తక్కువ రాదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనం దొంగలమా? "కాటాకి అబద్ధమాడ్డం వచ్చురా?" అని చెప్పులు విప్పి నేనే ఎక్కాను. యాభైతొమ్మిదిన్నర చూపించింది. "ఇదిగో నా బరువు. నా బరువు నేనే తగ్గించుకుంటానా?" అన్నాను. అంతా నవ్వారు. బుధు కూడా తలూపి వెళ్ళాడు. ఇప్పుడు ప్రతి సంతకీ ముందు నేనెక్కుతాను, తరవాతే తూకం. "బాబు ఎక్కినాడా?" అని అడిగి మరీ వస్తున్నారు. పక్క కొట్ల బేరం కూడా మనకే తిరిగింది.

మీ కుమారుడు
వరహాలరావు


చోడవరం,
27 జనవరి 1982.

చిరంజీవి వరహాలరావుకి నాన్న దీవెనలు.

కంటికి కట్టుంది కాబట్టి మీ అత్తకూతురు సత్యకుమారి చేత రాయిస్తున్నాను.

ఏటిరా, కొట్టు చూసుకోమంటే కాటా ఎక్కి గెంతుతున్నావా? తూకమంటే యాపారం. గారడీ కాదు. ఇంక ఎక్కకు. నలుగురూ నవ్వితే కొట్టు పరువేం కావాలి? బుధు గొణిగితే గొణగనీ. సంత అన్నాక గొణుగుడు లేకుండా ఏ సరుకు తెగింది? వాడి తాత మా నాన్న దగ్గర గొణిగాడు, వాడి నాన్న నా దగ్గర గొణిగాడు. నువ్వు జవాబు చెప్పక్కర్లేదు. తూకం అప్పలస్వామి చూసుకుంటాడు.

పోటీకి వెళ్ళు. మాటిచ్చాను, కాదనను. కానీ అరవైలో నిలబడకు. అరవైఏడున్నరలో నిలబడు. బేగి మాస్టారికి రాసి మార్పించు. ఎందుకని అడక్కు. నిన్ను ఈ చేతుల్తో ఎత్తుకుని పెంచాను, నీ బరువెంతో నాకు తెలీదా?

ఇట్లు
బి. గణపతిరావు

బావా, మావయ్య చెప్పింది చెప్పినట్టే రాశాను, తిట్లు మాత్రం రెండు తగ్గించాను. "గుంటా, ఏటి రాసావో చదువు" అని మూడుసార్లు చదివించుకున్నాడు. ఎన్ని కిలోలైనా నువ్వు నాకు ఎండుచేపవే. - సత్య.


ముంచింగిపుట్టు,
5 ఫిబ్రవరి 1982.

పూజ్యులైన నాన్నగారికి,

మీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం తినలేదు. కోపంతో అనుకునేరు, తింటే అరవై దాటుతానన్న భయం కూడా ఉందిలెండి.

నన్నెత్తుకుని పెంచానంటున్నారు. అప్పుడు నేను పది కిలోలుంటాను. ఇప్పటి బరువుకి ఆ లెక్కేం పనికొస్తుంది? అరవైఏడున్నరలో ఎవరుంటారో తెలుసా మీకు? విశాఖపట్నం డాక్ కుర్రాళ్ళు ఉంటారు. రోజూ చేపా గుడ్డూ తిని మెడలు ఎడ్లలా పెంచినవాళ్ళు. యాభైతొమ్మిదిన్నర వాణ్ణి వాళ్ళ మధ్య నిలబెట్టమంటున్నారు. ఎందుకో నాకు తెలుసు. ఓడిపోయి రావాలి, ఇచ్చిన మాట ప్రకారం ఇనుము వదిలేసి గల్లాపెట్టె దగ్గర కూచోవాలి. అంతేగా? వద్దనుకుంటే వద్దని చెప్పండి. పొమ్మనలేక పొగపెట్టడం ఎందుకు?

ఇక కాటా ఎక్కొద్దన్న మాట. నాన్నగారూ, దాని వల్ల కొట్టు పరువు పోవడం కాదు, పెరిగింది. ఈ సంతలో షావుకారంటే దొంగ అని ఒక మాట పాతుకుపోయి ఉంది. దాన్ని నా ఒంటితో చెరిపేస్తున్నాను. మీరు నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. గొణగనీ, జవాబు చెప్పక్కర్లేదు అని రాయించారు. తప్పు చెయ్యనివాడు జవాబు చెప్పడానికెందుకు భయపడాలి?

అరవై కిలోల వర్గం అనే రాసి మాస్టారికి పంపేశాను. ఇంక మార్చను.

సత్యా, ఎండుచేప నీకు పతకం చూపిస్తుంది, అప్పుడు మాట్లాడు.

వరహాలరావు


చోడవరం,
13 ఫిబ్రవరి 1982.

చిరంజీవి వరహాలరావుకి,

నిన్ను ఓడించాలని నాకెందుకురా? అంత మాట రాయడానికి నీ చెయ్యెలా ఆడింది? గల్లాపెట్టె దగ్గర కూచోబెట్టాలంటే చెవి పట్టుకుని కూచోబెట్టగలను, దానికి విశాఖపట్నం దాకా పంపక్కర్లేదు.

చెప్పేది విను. నువ్వు అరవై కాదు. అరవై అయిదు దాటి ఉంటావు. అక్కడ తూచి పక్కన పెట్టేస్తే నలుగురిలో తల వంచుకోవాల్సింది నువ్వు. కడుపు మాడ్చుకోవడం మానేసి తిను. ఎలా తెలుసంటే తెలుసు. అన్నీ ఉత్తరాల్లో రాయించలేను.

పోటీ ముందు రోజైనా సరే, మాస్టారి కాళ్ళు పట్టుకుని వర్గం మార్చుకో. పెద్దవాణ్ణి, ఇంతగా చెప్తున్నాను.

గణపతిరావు

బావా, నవ్వుకి కాదు, నిజంగా రాస్తున్నాను. మావయ్య రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు. ఇవాళ "కాటా" అని మొదలుపెట్టి, అమ్మ గదిలోకి రాగానే నోరు మూసేసుకున్నాడు. తరవాత ఎంతడిగినా చెప్పలేదు. పెద్దాయన మాట ఓసారి విను. - సత్య.


ముంచింగిపుట్టు,
3 మార్చి 1982.

నాన్నగారికి,

సత్యా, ఈ ఉత్తరం గట్టిగా చదువు. ఎక్కడా ఆగకు, ఏదీ తగ్గించకు. అత్తయ్యని కూడా వినమను.

శనివారం పొద్దున్న తూకం. ముందు రోజంతా ఏమీ తినలేదు, గుక్కెడు నీళ్ళు తాగాను. లాగు తప్ప ఏమీ లేకుండా కాటా ఎక్కాను. తూచే ఆయన తెల్లజుట్టు పెద్దమనిషి, పోర్టులో పనిచేసి రిటైరయ్యాడట. చూసి "అరవైఅయిదు. నీ వర్గం కాదు బాబూ, దిగు" అన్నాడు.

నేను దిగలేదు. మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ అరవైఅయిదే. నాకు ఒళ్ళు తెలియలేదు. నోటికొచ్చినట్టు అరిచాను. మీది దొంగ కాటా అన్నాను. మీ పట్నం కుర్రాళ్ళని గెలిపించుకోడానికి నన్ను తప్పిస్తున్నారన్నాను. కొండ మీంచి వచ్చినవాడంటే మీకంత అలుసా అన్నాను. నాన్నగారూ, ఈ మాట నేనన్నాను. మీ కొడుకు అన్నాడు.

ఆయన కోప్పడలేదు. పోటీకి తెచ్చిన ఇనుప చక్రాలు, బరువు సరిచూసి ముద్ర వేసినవి, రెండు ఇరవైలూ ఒక పదీ తెచ్చి కాటా మీద పెట్టాడు. యాభై చూపించింది. "నువ్వెక్కడ తూచుకున్నావు?" అన్నాడు. మా కొట్లో అన్నాను. "ఏం కొట్టు?" అన్నాడు. ఏజెన్సీలో పసుపు, వలిసెలు కొంటామన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, "కొనే కాటాయా, అమ్మే కాటాయా?" అన్నాడు.

గదిలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. మా మాస్టారూ నవ్వారు. నేను కూడా నవ్వబోయాను. అప్పుడు మీ రెండు ఉత్తరాలూ గుర్తొచ్చాయి.

నేను అరవై అయిదు దాటి ఉంటానని చోడవరంలో కంటికి కట్టుతో పడుకున్న మనిషికి ఎలా తెలిసింది? నన్ను ఎత్తి పెంచినందుకా? మీకు తెలిసింది నా బరువు కాదు. కాటా ఎంత తినేస్తుందో మీకు తెలుసు. నా బరువుకి అది కలిపి చూసుకున్నారు. అంతేనా కాదా? అత్తయ్య ఎదురుగా చెప్పండి.

మాస్టారు బతిమాలితే మర్నాడు అరవైఏడున్నరలో నిలబడనిచ్చారు. నేల మీంచి నూటముప్పైతో మొదలుపెడతానని రాసిచ్చాను. ఎత్తితే అది గడ్డిమోపులా లేచొచ్చింది. నూటయాభై అయిదు దాకా పోయాను. ఎలా పోయానో తెలుసా? ఇక్కడ నేను నూటనలభై అనుకుని ఎత్తిన ఇసుక కూడా ఆ కాటా మీద తూచిందేగా. అది నూటయాభై దాటి ఉంటుంది. డాక్ కుర్రాళ్ళ మధ్య మూడో స్థానం వచ్చింది. అందరూ భుజం తట్టారు. నాకు ఆ పతకం మెళ్ళో వేసుకోడానికి మనసు రాలేదు, జేబులో పెట్టుకున్నాను.

రాగానే కాటా రాళ్ళు తిరగేసి చూశాను. అడుగున తొలిచి, రాయి బరువెక్కి సరుకు తక్కువ తూగేలా సీసం నింపారు. అప్పలస్వామిని అడిగితే నేల చూపులు చూసి "పెద్దాయన సేయించినారు బాబూ" అన్నాడు. వాళ్ళకి ఉప్పూ పప్పూ అమ్మే తక్కెడ జోలికి నేనింకా పోలేదు. చూడాలంటేనే భయంగా ఉంది.

మీరు దొంగతూకం తూచారన్న దానికన్నా ఎక్కువ మండుతున్నది ఇంకోటుంది. బుధు నిజం చెప్పాడు. నేను వాణ్ణి నలుగురిలో అబద్ధాలకోరుని చేశాను. సంత సంతకీ చెప్పులు విప్పి ఎక్కి, మీ సీసానికి నా ఒళ్ళు సాక్ష్యం పెట్టాను. మీరు ఎక్కొద్దని రాయించారు. ఎందుకని అడక్కు అన్నారు. అడిగితే చెప్పాల్సొస్తుందని. సిగ్గుతో చచ్చిపోతున్నాను నాన్నగారూ. మీరు పడాల్సిన సిగ్గు కూడా నేనే పడుతున్నాను.

వరహాలరావు


చోడవరం,
14 మార్చి 1982.

వరహాలరావుకి,

కళ్ళజోడు వచ్చింది. నా చేత్తో నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

నా చెల్లెలి ఇంట్లో, దాని కూతురి నోటితో నన్ను దొంగని చదివించావు. ఆ గుంట చివరిదాకా చదివి, కాయితం మడిచి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. నీకు తృప్తేనా?

ఇప్పుడు నేను చెప్పేది విను. ఆ కొండమీద కాటా ఉన్న ప్రతివాడి రాళ్ళూ అలాంటివే. సరిగ్గా తూచినవాడు ఒక సీజను నిలబడలేడు. చలిజ్వరాలు మేం పడ్డాం. లారీ ఘాట్‌లో ఆగిపోతే సరుకు మీద పడుకుని మేం కాపలా కాశాం. నువ్వు అనకాపల్లిలో పాలు తాగి దండీలు తీశావు. ఆ పాలెక్కడివి? ఆ హాస్టలు కూడెక్కడిది? నీ అరవై అయిదు కిలోల్లో ఆ కాటా పెట్టిన కండే ఎక్కువ. దాన్ని తిడుతూ దాంతోనే పతకం తెచ్చుకున్నావు.

నిన్నొక్కణ్ణయినా ఆ కాటా మోసం చెయ్యకూడదని చూశాను. అది తప్పా? చెప్పే దారిలేక, నోరు తెరవలేక, చీకట్లో పడుకుని నీ గురించి ఏడ్చాను. నువ్వు పొగపెడుతున్నానన్నావు.

నేను ఈ నెలాఖరుకి వస్తాను. అందాకా కొట్టు మూసెయ్. ఎవరితోనూ ఏమీ అనకు. రాళ్ళు తీసి వేరేవి పెడదాం, ఎవరికీ తెలియనక్కర్లేదు. ఇంటి గుట్టు సంతలో పెట్టకు.

మూడో స్థానం మాటకి సంతోషించాను. అది కూడా రాయకపోతే తండ్రిని కాను.

గణపతిరావు


ముంచింగిపుట్టు,
24 మార్చి 1982.

పూజ్యులైన నాన్నగారికి,

మీ ఉత్తరం అందేసరికే సంత అయిపోయింది. ముందే అంది ఉన్నా కొట్టు మూసేవాణ్ణి కాదు.

కాటాని అరుగు మీదకి లాగించాను. పాత రాళ్ళతోనే ఎప్పట్లా చెప్పులు విప్పి ఎక్కాను. యాభైతొమ్మిదిన్నర చూపించింది. జనం ఎప్పట్లా నవ్వారు. "నవ్వకండి" అన్నాను. "విశాఖపట్నంలో ముద్ర కాటా మీద తూచారు. నేను అరవైఅయిదు. ఇది దొంగ కాటా. మాదే. ఇన్నాళ్ళూ మీ సరుకు దీనిమీదే తూచాం" అన్నాను. కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది.

బుధు ముందుకొచ్చాడు. "తెలుసు బాబూ" అన్నాడు. తెలిస్తే ఎందుకు తెచ్చావని అడిగాను. "ఆ కాటాని నమ్మలేదు. మీ నాయన్నీ నమ్మలేదు. సదువుకున్నోడివి, సెప్పులిప్పి నువ్వెక్కినావు. నిన్ను నమ్మినాం" అన్నాడు.

నాన్నగారూ, దీనికి జవాబుంటే మీరే చెప్పండి. మీరు గొణుగుడికి జవాబు అక్కర్లేదన్నారుగా. వాడు ఈసారి గొణగలేదు.

ఈ సీజను పసుపు ఇంకా గోదాములోనే ఉంది. కొత్త రాళ్ళు కొండ కింద నుంచి ముద్ర వేయించి తెచ్చాను. ఎవరి బస్తాలు వాళ్ళ ఎదురుగా మళ్ళీ తూచుతున్నాను, తేడా వాళ్ళకిస్తున్నాను. అమ్మే తక్కెడ కూడా చూశాను. దాని సంగతి రాయను, మీకు తెలిసిందేగా. అప్పలస్వామి ముట్టనంటే బస్తాలు నేనే మోస్తున్నాను. కళాసీ పని అన్నారుగా. బి.కాం. చదివినవాడు చెయ్యొచ్చు. పక్క కొట్లవాళ్ళు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. ఒక సీజను నిలబడలేమన్నారు. నిలబడతామో లేదో ఒక సీజను చూద్దాం.

మీరు రాసిన ఒక మాట మాత్రం నిజం. ఈ ఒంట్లో కండ ఆ కాటా పెట్టిందే. కాదనను. ఏప్రిల్‌లో రాష్ట్ర పోటీలు. కొంచెం తగ్గి అరవైలో నిలబడమనీ, అక్కడ సులువుగా గెలవొచ్చనీ మాస్టారు రాశారు. అరవైఏడున్నర అనే రాసి పంపాను. నాన్నగారూ, మీరు చెప్పిన వర్గమే. ఉన్న బరువు ఉన్నట్టు చెప్పుకోవడం ఇప్పుడే మొదలుపెట్టాను, మళ్ళీ తగ్గించుకోలేను.

నన్నొక్కణ్ణయినా ఆ కాటా మోసం చెయ్యకూడదని చూశానన్నారు. అది చదివి నాకూ ఏడుపొచ్చింది. కానీ ఆ ఒక్కణ్ణీ నేనే ఎందుకవ్వాలి? బుధుకీ తండ్రి ఉండేవాడు.

నెలాఖరుకి వస్తానన్నారు. మామూలు రోజున రాకండి. సంత రోజున, పొద్దుటి బస్సుకి రండి. కాటా అరుగు మీదే ఉంటుంది. రాళ్ళు కొత్తవి. కన్ను కొత్తగా బాగుపడింది, డాక్టరు బరువులెత్తొద్దన్నాడట. ఏమీ ఎత్తక్కర్లేదు. చెప్పులు విప్పి ఎక్కండి చాలు. మీరెక్కేదాకా ఆ రోజు తూకం మొదలుపెట్టనని అందరికీ చెప్పాను.

మీ కుమారుడు
వరహాలరావు